రిసాల్వ్.కాన్ఫ్: సటీకాతాత్పర్యము

మూలము

సెర్చ్ ఎగ్జాంపుల్.కామ్
నేమ్‌సర్వర్ 192.168.1.1
నేమ్‌సర్వర్ 9.9.9.9
ఆప్షన్స్ టైమౌట్:2

అవతారిక. ఈ చతుష్పాది లినక్సు మొదలగు యునిక్సు వంశపు యంత్రములందు ‘ఎట్సీ’ యను కోశమున ‘రిసాల్వ్.కాన్ఫ్’ అను పేర వెలయుచున్నది. దీనిని నిత్యము చేత నుంచుకొన్నవారు సైతము, యంత్రము మొండికెత్తి యే పేరును గుర్తింపని దినమున దక్క, దీని యర్థమును విచారింపరు. మనుష్యులకు పేళ్ళును యంత్రములకు సంఖ్యలును ప్రియములు గనుక, పేరును జూపి సంఖ్యను దెచ్చుకొనుట యెవ్వరి యొద్దనో నిర్ణయించుట యీ కృతికి ప్రయోజనము. పూర్వము పేళ్ళన్నియు ‘హోస్ట్స్.టెక్స్ట్’ అను నొక్క పట్టికలో నుండెడివి. కాలిఫోర్నియాలోని మెన్లోపార్కున, స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థలో, ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి నడపిన కార్యాలయము దానిని దిద్దుచుండ, తక్కిన యంత్రములవారు నకలు దెచ్చుకొని తృప్తినొందెడివారు. యంత్రములు పెరిగి యా పట్టిక యొక్కచోట నిలుపరానిదైనంత, పాల్ మొకపెట్రిస్ 1983లో పేళ్ళ పెత్తనమును శాఖోపశాఖలుగా పంచిపెట్టు నేటి నామవ్యవస్థను ప్రతిపాదించెను. పాత పట్టిక మాత్రము చావలేదు. ‘ఎట్సీ హోస్ట్స్’ అను రూపమున ప్రతి యంత్రమునను మూలవిరాట్టువలె కూర్చుండియున్నది.

నామవిచారము. ‘ఎట్సీ’ యనగా ‘మున్నగునవి’ యని యర్థము. ఎక్కడను ఇమడని సామగ్రిని వేయుటకై తొల్లి యేర్పరచిన యటుక కాలక్రమమున యంత్రమునకు ధర్మశాస్త్రభాండాగారమైనది. మన వ్యాఖ్యాతలును తమకు తోచని వస్తువులనెల్ల ‘ఆది’ శబ్దము క్రింద తోసివేయుటకు అలవాటుపడినవారే గనుక దీని నాక్షేపింప నాకు నోరాడదు. ఇక ‘రిసాల్వ్’ అను పదమున ఆంగ్లవర్ణక్రమమునందలి కడపటి ‘ఈ’ యక్షరము లోపించియున్నది. ఇది లేఖకదోషమా, ఆర్షప్రయోగమా? యునిక్సు కర్తలలో నొకడగు కెన్ థాంప్సనును, మరల నిర్మింపవలసివచ్చినచో నేమి మార్తువని యడుగగా, ‘క్రియేట్’ అను పిలుపునకు లోపించిన ‘ఈ’ని చేర్తునని బదులు చెప్పెనని కెర్నిహాన్, పైక్ పండితులు 1984 నాటి తమ గ్రంథమున వ్రాసిరి. కావున నిట్టి లోపము వంశాచారమని గ్రహింపవలెను. వ్యాకరణజ్ఞుడెవ్వడైన ఆ యక్షరమును దయతో చేర్చెనా, యంత్రము ఆ దస్త్రమువైపు కన్నెత్తియైన చూడదు.

ప్రతిపదార్థము. సెర్చ్ = పొట్టిపేరు వచ్చినప్పుడు; ఎగ్జాంపుల్.కామ్ = ఈ యింటిపేరును తోకగా తగిలించి (వెదకుము); నేమ్‌సర్వర్ = పేళ్ళకు సంఖ్యలు చెప్పువాడు; 192.168.1.1 = ఇంటిగోడకు వ్రేలాడు రౌటరు; నేమ్‌సర్వర్ = మరియొకడు; 9.9.9.9 = క్వాడ్9 అను సంస్థ 2017 నుండి యెల్లరకు తెరచియుంచిన సేవ; ఆప్షన్స్ = నియమములు; టైమౌట్:2 = రెండు సెకనులకంటె వేచియుండకుము.

తాత్పర్యము. ‘ప్రింటర్’ అని యొంటిపదము కొట్టినచో ‘ప్రింటర్.ఎగ్జాంపుల్.కామ్’ అని భావించి ముందుగ ఇంటివాని నడుగుము; వాడు రెండు సెకనులలో పలుకనియెడల బయటివాని నడుగుము. ఈ నియమము లేనిచో వేచియుండుకాలము 5 సెకనులు. వ్రాయదలచినవారు నేమ్‌సర్వరు పాదములను మూడింటివరకు వ్రాయవచ్చును. నాలుగవది యెంత భక్తితో వ్రాసినను వ్యర్థము.

విశేషము. పేరులో చుక్క యొక్కటియైన నున్నచో దానిని ముందుగ పూర్ణనామముగనే యెంచి యడుగుట సామాన్యవిధి. నిజమునకు పూర్ణనామమునకు తుదియందును ఒక చుక్క గలదు. అది సర్వశాఖలకు మూలమైన వేరును సూచించును. అయినను దానిని వ్రాయువారు అరుదు. అరసున్నవలె అది యున్నదని శాస్త్రము తెలిసినవారెల్ల నొప్పుకొందురు, అచ్చువేయువారెల్ల విడిచిపెట్టుదురు. (ఈ వ్యాసమునందును అరసున్నలు లేవు, నన్నేమనియు లాభము లేదు.)

శంక. మొదటివాడు ‘అట్టి పేరు లేదు’ అనినచో రెండవవాని నడుగరాదా?

సమాధానము. అడుగరాదు. ఈ కృతికి ప్రాణమంతయు నిచ్చటనే యున్నది. పెక్కుమంది చదువరులు తప్పటడుగు వేయుటయు నిచ్చటనే. లేదనుట యుత్తరము, పలుకకుండుట యుత్తరము గాదు. వీథిలో నొకని యిల్లు ఎక్కడని యడిగినప్పుడు, మొదటి యరుగుమీది పెద్దమనిషి ‘ఆ పేరుగలవాడీ యూర లేడు’ అని నిశ్చయముగ చెప్పెనేని మనము తిరిగిపోదుము. ఆయన నిద్రించుచుండెనేని, లేక ‘నాకు చేతకాదు’ అని కసరెనేని, తరువాతి యరుగున కేగుదుము. యంత్రముయొక్క లోకజ్ఞానము సరిగా నింతమాత్రమే. నేను కొంతకాలము పనిచేసిన యొక కార్యాలయమున, వేగమునకై బయటి సేవను మొదటి పాదమునను, లోపలి పేళ్ళు తెలిసినవానిని రెండవ పాదమునను నిలిపితిని. నాటి మధ్యాహ్నము జమాఖర్చుల యంత్రము పేరెత్తినంత ‘లేదు’ అను జవాబే. తెలిసినవాడు రెండవ వరుసలో మేల్కొనియే యున్నాడు. వాని నెవ్వరును అడుగలేదు. ఈ సామాన్యవిషయమును గ్రహించుటకు నాకు మూడుగంటలు పట్టినది. జమాఖర్చులవారు మాత్రము ఈ మూడుగంటలును తేనీరు సేవించి నన్నాశీర్వదించిరి.

మతాంతరము. పైది జీలిబ్‌సీ అను సీ భాషాగ్రంథాలయపు మతము. ఆల్పైన్ లినక్సు ఆశ్రయించిన మసల్ అను వేరొక గ్రంథాలయపు మతమువారు పాదక్రమమును పాటింపక, అందరిని ఒక్కమారుగా నడిగి, ఎవ్వడు ముందు పలికిన వాని మాటయే ప్రమాణమందురు. పంతులు ప్రశ్న వేసినంత తరగతి యంతయు కేకలువేయు బడిపద్ధతి యిది. శీఘ్రమే, కాదనను, కాని ఒక్కొక్కనికి ఒక్కొక్క విద్య తెలిసినచోట దీనిని నమ్మరాదు.

ప్రమాణనిర్ణయము. ఈ కృతిని తెరచుటకు మునుపు యంత్రము ‘ఎట్సీ ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్’ అను వేరొక గ్రంథమును చూచును. అందు ‘హోస్ట్స్: ఫైల్స్ డీఎన్ఎస్’ అని యున్నచో, పాత పట్టిక ముందు, మన చతుష్పాది తరువాత. ‘డిగ్’ అను పరికరము మాత్రము పట్టికను లక్ష్యపెట్టక నేరుగ నేమ్‌సర్వరు నడుగును. అందుచేత డిగ్ ఒక సంఖ్యయు బ్రౌజరు మరియొక సంఖ్యయు చూపినప్పుడు ఇరువురును సత్యవాదులే కావచ్చును.

ప్రక్షిప్తవిచారము. మన కావ్యములందు ప్రక్షిప్తములు చేరుటకు శతాబ్దములు పట్టినది. దీనికి యంత్రమును ఆర్పి వెలిగించుట చాలును. రౌటరు చెప్పిన సంఖ్యలను నెట్‌వర్క్‌మేనేజర్ అను పరిష్కర్త వ్రాసిపోవును. సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డ్ అను మఱియొక పరిష్కర్త యున్నచోట, తరచుగ ఆ దస్త్రము స్థానమున ఆ పరిష్కర్త ప్రతికి లంకె మాత్రమే నిలిచియుండును. కొందరు కోపించి, ‘ఛాటర్ ప్లస్ ఐ’ అను ముద్రను వేసి పాఠమును శిలాశాసనము చేయుదురు. కాని లంకెకు ఆ ముద్ర యంటదు. పరిష్కర్తలు తమ ప్రతుల శిరస్సున హాష్ గుర్తుతో నొక పంక్తిని వ్రాయుట కలదు: దీనిని దిద్దకుడు, అని. హాష్‌తో నారంభమగు పంక్తిని యంత్రము చదువక దాటిపోవును గనుక, కృతి యంతటిలోను మనుష్యుని యుద్దేశించినది అది యొక్కటియే. నేను చదివితిని, దిద్దితిని, పైనుదాహరించిన నాలుగు పాదములు నావే.

నేటి యుదయమున పాఠశోధనకై మరల చూడగా అందొక్క పాదమును కానరాలేదు. నేమ్‌సర్వరు పాదము ఒక్కటే యున్నది, అందు 127.0.0.53 అని పాఠము. అది యీ యంత్రము తన్నుతానే యడుగుకొను సంఖ్య. దానికి టీక వేరుగ వ్రాయవలసియున్నది.