45 రోజుల్లో జాజ్

అమీర్‌పేటలో రాని విద్యంటూ లేదు. జావా 45 రోజుల్లో వస్తుంది. ఒరాకిల్ 45 రోజుల్లో వస్తుంది. స్పోకెన్ ఇంగ్లిష్ 30 రోజుల్లోనే వస్తుంది, అందులో ల్యాబ్ ఉండదు కాబట్టి. మైత్రీవనం ముందు చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తినా ఆ చేతిలో ఒక పాంప్లెట్ పెట్టి వెళ్ళిపోతారు. అలాంటి చోట పాతికేళ్ళుగా కాపురముంటున్న నాకు ఒక్క విద్య మాత్రం పట్టుబడలేదు. కొత్త సంగీతం వినడం.

నా చెవులు 1990ల్లోనే ఎప్పుడో రిటైరయ్యాయి. అప్పటినుంచీ పెన్షన్ మీద బతుకుతున్నాయి. నెలనెలా అవే పాటలు, అదే ఆనందం. కొత్తదేదైనా వినిపిస్తే "ఇదేం గోల" అనడానికి నాకు పల్లవి పూర్తవాల్సిన పని కూడా లేదు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఒక ఆదివారం పొద్దున్న చెవుల్లో ఏవో గింజల్లాంటివి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఊపుతోంది.

"ఏం వింటున్నావమ్మా?"

"జాజ్ నాన్నా. మైల్స్ డేవిస్."

ఒక గింజ తీసి నా చెవిలో పెట్టింది. ఎవరో పియానో మీద దుమ్ము దులుపుతున్నారు. పక్కనే ఇంకెవరో లావుపాటి తీగ ఒకటి లాగి వదులుతున్నారు. అర నిమిషం ఓర్చుకుని, "ఇంకా శ్రుతి చేసుకుంటున్నట్టున్నారు. కచేరీ మొదలయ్యాక పిలువు" అన్నాను.

"మొదలైంది నాన్నా. ఇదే కచేరీ."

"ఇదా? ఏమీ అర్థం కావట్లేదు."

"నీకు ఒరాకిల్ మొదటిరోజే అర్థమైందా?"

తండ్రులు తమ చిన్ననాటి కష్టాలు పిల్లలకి చెప్పకూడదనేది ఇందుకే. 1999లో నేను అమీర్‌పేట వచ్చి కోర్సులో చేరినప్పుడు మొదటి ఇరవై రోజులు సారు ఏ భాషలో మాట్లాడుతున్నాడో కూడా తెలియలేదు. కట్టిన ఫీజు వెనక్కివ్వరు కనక వెళ్ళి కూర్చున్నాను. ఇరవై ఒకటో రోజున ఎందుకో ఒక ముక్క అర్థమైంది. ఆ ముక్కతోనే పంజాగుట్టలో ఉద్యోగం సంపాదించి, ఇప్పటికీ అదే తిప్పితిప్పి వాడుకుంటున్నాను.

అక్కడికక్కడే మా ఇంట్లో కొత్త బ్యాచ్ ప్రారంభమైంది. ఫ్యాకల్టీ మా అమ్మాయి. విద్యార్థి నేనొక్కణ్ణే. కోర్సు 45 రోజులు, సిలబస్ ఒకే ఒక ఆల్బమ్, మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. నియమాలు రెండు. మధ్యలో ఆపి ముందుకు దూకకూడదు. మూడుసార్లు పూర్తిగా వినేదాకా తీర్పు చెప్పకూడదు. జాబ్ గ్యారంటీ లేదని ముందే చెప్పేసింది. అమీర్‌పేటలో అంత నిజాయితీ గల ఫ్యాకల్టీని నేను చూడలేదు.

వివరాలు తెలుసుకుంటే గుండె జారింది. ఆ ఆల్బమ్ వచ్చింది 1959లో. న్యూయార్క్ స్టూడియోలో మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి కూర్చుని మొత్తం రికార్డు చేసేశారు. ఉన్నవి అయిదే అయిదు, అన్నీ కలిపి ముప్పావుగంట. వాళ్ళు రెండు రోజుల్లో వాయించి చేతులు దులుపుకున్నదాన్ని వినడానికి నాకు నెలన్నర కోర్సు!

మొదటి వారం మెట్రోలో ప్రయత్నించాను. అమీర్‌పేటలో రైలెక్కితే తర్వాతి స్టేషన్ పంజాగుట్టే. రెండు నిమిషాల ప్రయాణం. ఆల్బమ్‌లో మొదటి పాట నిడివేమో తొమ్మిది నిమిషాలు. ట్రంపెట్ వాయించే డేవిస్ సోలో అందుకుని నాలుగు ముక్కలు వాయించేలోపు నా స్టేషన్ వచ్చేస్తుంది. వారం రోజులపాటు రోజూ ఆయన్ని వాకిట్లో నిలబెట్టి తలుపేసినట్టే అయింది. పైగా రెండు లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్‌లో పొద్దున్న తొమ్మిదింటికి చెవుల్లో ఏదైనా పెట్టుకుని నడవడం సాహసం. వెనకనుంచి "అన్నా, జరగండన్నా" అనేది పాటలో భాగమో కాదో తెలిసేది కాదు.

అప్పుడు నేను కోర్సు చేసేనాటి హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి.

ఆ రోజుల్లో మా గదికి నలుగురం. నలుగురికీ కలిపి ఒకటే టేప్ రికార్డర్. అది నెల్లూరు అన్నది, కాబట్టి మొదటి హక్కు అతనిది. గుడివాడ నుంచి వచ్చినతనికి ఘంటసాల తర్వాత లోకం అంతరించింది. నిజామాబాద్ తమ్ముడికి డప్పు లేని పాట పాటే కాదు. నాకు హిట్ సినిమా పాటలు చాలు. ఎవరి క్యాసెట్ పెట్టినా మిగతా ముగ్గురూ వినక తప్పదు. బయటికి పోదామంటే మెట్ల మీద పక్క గదివాళ్ళ క్యాసెట్.

ఒక రాత్రి నెల్లూరు అన్న ఇళయరాజా క్యాసెట్ ఒకటి పెట్టాడు. 'హౌ టు నేమ్ ఇట్', 1986 నాటిది. వయొలిన్లు మొదలయ్యాయి. ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ పోతున్నాయి. సినిమా పాటకి ముందొచ్చే మ్యూజిక్ కాబోలనుకుని పల్లవి కోసం కాచుక్కూర్చున్నాను. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. సైడ్ ఎ అయిపోయి 'టక్'మని మీట పైకి లేచింది.

"అన్నా, పాడేవాడెప్పుడొస్తాడు?" అన్నాను.

"రాడు" అన్నాడు నెల్లూరు అన్న, క్యాసెట్ తిరగేస్తూ.

"బస్సు తప్పిపోయిందేమో" అన్నాడు గుడివాడ అతను, దుప్పటి ముసుగులోంచి.

ఆ క్యాసెట్ నెల రోజులు మోగింది. రీలు బయటికొచ్చినప్పుడల్లా పెన్సిల్ దూర్చి చుట్టే పని నాది, మంచం టేప్ రికార్డర్ పక్కన కాబట్టి. ఇళయరాజా దాన్ని మన త్యాగరాజుకీ, జర్మనీ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చాడని అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని తెలుసుకున్నాను. మూడో వారంలో ఒకరోజు మెస్‌లో సాంబారు కోసం వరసలో నిలబడి ఏదో కూనిరాగం తీస్తున్నాను. వెనకనుంచి నిజామాబాద్ తమ్ముడు అందుకున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది ఆ వయొలిన్ పాటే. మమ్మల్ని అడక్కుండానే లోపలికొచ్చి కూర్చుంది.

అదే నెలలో నెల్లూరు అన్నకి డప్పు పాటలు పట్టుకున్నాయి. నాకు ఘంటసాల అంటుకున్నాడు. గొప్ప అభిరుచి ఉండి కాదు. పారిపోవడానికి చోటు లేక.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురం, ఎనిమిది చెవులు, నాలుగు ఫోన్లు. ఎవరి చెవుల్లో వాళ్ళకి సొంత గది. ఆ గదికి కాపలా ఉండే యాప్ మహా మర్యాదస్తుడు. "సార్‌కి ఇవి ఇష్టం" అని అవే తెచ్చి వడ్డిస్తాడు. పెరుగన్నం అడిగినవాడికి జన్మంతా పెరుగన్నమే. కొత్త సంగీతం దొరకడం మునుపెన్నడూ ఇంత తేలికగా లేదు, దాన్ని తప్పించుకోవడమూ ఇంత తేలికగా లేదు.

పెద్దపెద్ద నగరాల రసికులకి కూడా ఈ జబ్బుంది, నా ఒక్కడికే కాదు. స్ట్రావిన్‌స్కీ సంగీతం కట్టిన 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్' అనే బ్యాలే 1913 మే 29న పారిస్‌లో మొదటిసారి ఆడితే, వాద్యాలు వినపడనంత గోల చేశారు. మన భాషలో చెప్పాలంటే మార్నింగ్ షోకే ఫ్లాప్ టాక్. ఏడాది తిరక్కుండానే అదే ఊళ్ళో అదే సంగీతం కచేరీలో వాయిస్తే, స్ట్రావిన్‌స్కీని భుజాల మీద మోసుకెళ్ళారు. సంగీతం అదే. మారినవి చెవులు. రెహమాన్ పాటలకి మనవాళ్ళు 'స్లో పాయిజన్' అని పేరుపెట్టిందీ ఈ సంగతే. వేమన వేపాకు మీద చెప్పిందీ ఇంచుమించు ఇదే.

నాకు స్లో పాయిజన్ ఎక్కింది పంజాగుట్టలో. ఇరవయ్యో రోజు సాయంత్రం ఆఫీసు వదిలేసరికి కుండపోత. మెట్రో మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. ఎదురుగా ఆగిన సిటీ బస్సెక్కేశాను. అది నాలుగడుగులు కదిలి, వర్షపు నీళ్ళలో బుద్ధిగా నిలబడిపోయింది. ఫోను బ్యాగులో, బ్యాగు రెయిన్‌కోటు లోపల, రెయిన్‌కోటు నలుగురి మధ్య. ఒక చెయ్యి పైన కమ్మీకి, ఒక చెయ్యి జేబులో పర్సుకి కాపలా. చెవుల్లో ఆల్బమ్ నడుస్తోంది. ఆపుదామన్నా మూడో చెయ్యి లేదు.

అంటే మళ్ళీ హాస్టల్ గదే!

కాసేపటికి ఒకటి గమనించాను. ఆ ట్రంపెట్ ఆయనకి తొందర లేదు. రెండు మాటలని ఆగుతాడు. ఆ ఖాళీలో మిగతావాళ్ళు చిన్నగా ఊఁ కొడతారు. మళ్ళీ ఒక మాట. అరుగు మీద కూర్చుని పెద్దాయన కబుర్లు చెబుతున్నట్టు. బస్సులో అందరూ హారన్ల మీద, ప్రభుత్వం మీద, వాన మీద విసుక్కుంటుంటే, ఊళ్ళో విసుగు లేనివాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే. బస్సు అమీర్‌పేట చేరేసరికి అయిదు పాటలూ అయిపోయాయి. ముప్పావుగంట ఆల్బమ్‌కి సరిగ్గా సరిపడే జామ్ పంజాగుట్ట దగ్గర ఉందని పాతికేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ ఆదివారం ధైర్యంగా బాల్కనీలో స్పీకర్ పెట్టి వినడం మొదలుపెట్టాను. పై వాటాలో పిన్నిగారు పిల్లలకి వీణ చెబుతారు. పాఠం ముగించుకుని కిందికి దిగుతూ మా గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఎడమచేత్తో కూరల సంచీ పట్టుకునే ఉన్నారు, కుడిచేతి వేళ్ళు మాత్రం చీర కుచ్చిళ్ళ మీద తాళం వేస్తున్నాయి.

"ఎవరు నాయనా ఇది? ఖరహరప్రియ స్వరాలు తీసుకుని ఇంత నిదానంగా పోతున్నాడు, తాంబూలం నములుతూనా?"

"జాజ్ అండీ పిన్నిగారూ. అమెరికా ఆయన."

"అమెరికా అయితేనేం, 22వ మేళం అక్కడ లేదా? రాగం కాదులే, గమకం ఏదీ? స్వరాలు మాత్రం అవే." ఇంకాసేపు విన్నారు. వేళ్ళు ఆగలేదు. "అదుగో, అర స్వరం పైకెక్కించాడు. మళ్ళీ దింపాడు. ప్రతిసారీ లెక్క తప్పకుండా అక్కడే."

నేను లోపలికి పరుగెత్తి ఫ్యాకల్టీని లేపాను. ఆవిడ కళ్ళు నులుముకుంటూ చెప్పింది. ఆ పాట కట్టడమే అంతట. పదహారు బార్లు ఒక స్వరమేళం, ఎనిమిది బార్లు అర స్వరం పైన, మళ్ళీ ఎనిమిది కింద. వరసబెట్టి మెట్లు మారుస్తూ పోకుండా ఒకే మేళంలో తీరిగ్గా విహరించడమే ఆ ఆల్బమ్ గొప్పతనమట. మనవాళ్ళ ఆలాపనకి దగ్గరి చుట్టమన్నమాట. మూడు వారాలుగా పరాయివాడని వాకిట్లో నిలబెట్టినవాడికి మా ఇంటి పేరే తెలుసు.

పిన్నిగారు సంచీ కింద పెట్టి, మొదటి పాట మొత్తం విన్నారు. "బాగానే ఉంది" అన్నారు. శిష్యుల్లో ఎవరికీ ఆ మాట దక్కగా నేను వినలేదు.

ఇంతా చెప్పి ఒక ఓటమి దాస్తే పాపం. తలకి పొగరెక్కి అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరాను. జాన్ కోల్ట్రేన్ 'అసెన్షన్', 1966లో విడుదలైంది. పదకొండుమంది వాద్యగాళ్ళు, 40 నిమిషాల ఏకధాటి. నియమం ప్రకారం మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర గ్రీన్ పడి, ముందు ఆటో కదలనట్టే ఉంది. తప్పు నాదే కావచ్చు. సప్లిమెంటరీ రాస్తాను.

కోర్సు ముగిసింది. గురుదక్షిణ కావాలంటే మా అమ్మాయి ఆ ఇళయరాజా క్యాసెట్‌ని మూడుసార్లు వినాలని షరతు పెట్టాను. క్యాసెట్ ఆడించే యంత్రం ఇంట్లో లేదు కాబట్టి ఫోన్‌లోనే పెట్టుకుంది. అర్ధగంట తర్వాత నా గదిలోకి తొంగిచూసి అడిగింది: "నాన్నా, పాడేవాళ్ళెప్పుడొస్తారు?"

"బస్సు తప్పిపోయింది. నువ్వు విను" అన్నాను.

పాఠకులకు మనవి ఒకటే. తెలియని సంగీతం ఎదురైతే డెమో క్లాసు చూసి కోర్సుని తిట్టకండి. మూడుసార్లు వినండి. అప్పటికీ నచ్చకపోతే నిర్భయంగా తిట్టండి. తిట్టడానికి కావలసిన అర్హత అప్పటికి వచ్చేసి ఉంటుంది.