చిరుత దొరికింది, చాయ్ దొరకలేదు

2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున గొల్లపల్లి వైపు ప్రహరీ దూకి ఒక చిరుత శంషాబాద్ విమానాశ్రయంలోకి వచ్చింది. కంచె తీగలు తగిలి అలారం మోగింది. అటవీశాఖ ఉరుకులు పరుగుల మీద కెమెరాలు బిగించి, బోన్లు పెట్టి, మేకను ఎర వేసింది. మే 3న చిరుత చిక్కింది. నెహ్రూ జూపార్కు మీదుగా దాన్ని నల్లమలకు పంపేశారు.

అదే ప్రహరీ లోపల అంతకంటే పెద్ద మృగం ఒకటి దర్జాగా తిరుగుతోంది. దాని పేరు చాయ్, ధరే దాని కోర. అది వచ్చినప్పుడు ఏ అలారమూ మోగలేదు.

నిజానికి చిరుతే మర్యాదస్తురాలు. ఆకలేస్తేనే వేటాడుతుంది, మనిషి అలికిడైతే తప్పుకుంటుంది. ఈ చాయ్ దీపాల వెలుగులో కూర్చుని, లైన్లో నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుంటుంది. ఇక్కడ మేకలం మనమే. రెండు గంటలు ముందే రమ్మంటారు, బెల్టు విప్పించి తనిఖీ చేస్తారు, ఆపైన వెనక్కి పోయే దారి లేదు. నిద్ర చాలక తల దిమ్మెక్కిన వేళ ఎదురుగా టీ కౌంటరు! అటవీశాఖ కూడా ఇంత పకడ్బందీగా వల పన్నలేదు.

ఇంతా చేసి చేతికొచ్చేది కాగితం కప్పులో వేడినీళ్లు, దారం కట్టిన టీ పొట్లం. ముంచి తీసే చాకిరీ కూడా మనదే. 2018లో చెన్నై విమానాశ్రయంలో ఈ భాగ్యానికి 135 రూపాయలు అడిగితే మాజీ ఆర్థిక మంత్రి చిదంబరం బెంబేలెత్తి వద్దన్నారు. దేశానికి బడ్జెట్లు వేసిన మనిషికే గిట్టుబాటు కాలేదు!

ఇంత ధరేమిటని అడిగితే దుకాణాల వాళ్లు అద్దెలు ఎక్కువంటారు. సరే, తేయాకు కూడా బిజినెస్ క్లాసులో దిగిందా? నీళ్ల సీసాకైతే ఎమ్మార్పీ ఉంది. ఒకే సరుకుకి రెండు ఎమ్మార్పీలు కుదరవన్న నిబంధన 2018 జనవరి నుంచీ ఉంది. కప్పు చాయ్ మీద ఏ ధరా అచ్చు వేసి ఉండదు కనుక దానిది అడవి న్యాయం.

2024 డిసెంబరులో మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. అక్కడ చాయ్ పది రూపాయలు. అంటే టెర్మినల్లోనూ పదికి చాయ్ పోయొచ్చని సర్కారే రుజువు చేసింది. ఇక అద్దెల కథలు చాలు. మూలన ఒక కేఫ్ చూపించి చేతులు దులుపుకోకుండా, ప్రతి కౌంటర్లోనూ చాయ్‌కి, కాఫీకి గరిష్ఠ ధర కట్టి బోర్డు మీద రాయించండి మంత్రిగారూ. అంతవరకూ ప్రయాణికులారా, ఇంట్లోనే తాగి బయల్దేరండి.