నిర్మద్య పర్వం

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలని పూర్వ లాక్షణికులు శాసించారు. నగరం, సముద్రం, చంద్రోదయం, మంత్రాలోచన, ప్రయాణం, యుద్ధం... ఆ వరసలో మధుపానమూ ఉంది. కాబట్టి పానగోష్ఠి లేని ప్రబంధం లక్షణవిరుద్ధం. నేను చెప్పబోయేది సరిగ్గా అలాంటి కావ్యం. ఆ జాబితాలోని ఇంకొకటి రెండు వర్ణనలు కూడా ఇందులో కనబడవు. వాటి గురించి అడక్కండి, ఇళ్ళల్లో చదువుతారు.

నాయకులు నలుగురు. పేర్లు పెడితే వాళ్ళ మేనేజర్ల కంట పడతాయి గనక ఊళ్ళతో సరిపెడతాను. మొదటివాడు గుంటూరు వీరుడు. ఎక్సెల్ షీటే ఆయుధంగా గలవాడు, రంగురంగుల గడులతో ఎదుటివాడి నోరు మూయించగలవాడు. రెండోవాడు వరంగల్లు యోధుడు, బేరసమరంలో వెన్ను చూపనివాడు, ఉచితంగా ఇచ్చినా ఇంకో పది తగ్గించమనేవాడు. మూడోవాడు తణుకు సౌమ్యుడు, సంచిలో లుంగీ లేనిదే సముద్రం దాటనివాడు. నాలుగోవాణ్ణి నేను. కవిని గనక నా లోపాలు వర్ణించను.

దండయాత్రకు మూలకారణం ఆషాఢమాసం. గుంటూరు వీరుడికి వేసవిలో పెళ్ళయింది. ఆషాఢం రాగానే ఆచారం ప్రకారం కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి వెళ్ళింది. కావ్యాల్లో అయితే విరహి తామరాకుల మీద పొర్లుతూ వెన్నెలను తిట్టుకుంటాడు. మావాడు మంచం మీద పొర్లుతూ చవక టికెట్లు వెతికాడు. దొరికాయి. హైదరాబాదు నుంచి బ్యాంకాక్, రెండు రాత్రులు, మూడో రోజు తెల్లవారకముందే తిరుగు ప్రయాణం. అంత చవకగా ఎందుకు ఇస్తున్నారని నలుగురిలో ఒక్కడూ అడగలేదు.

మంత్రాలోచన వాట్సాప్‌లో రోజుల తరబడి సాగింది. చివరికి అరవై రెండు వరసల షీటు అవతరించింది. మొదటి రాత్రి ఏడింటికి ఎక్కడ కూర్చోవాలి, ఎనిమిదింబావుకు ఎక్కడికి లేవాలి, ఏ మేడ మీద బారులో సూర్యాస్తమయం బాగుంటుంది, ఏ వీధిలో బకెట్‌లో పోసి ఇస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. తేదీ ఉంది, వారం ఉంది, వాన పడే శాతం కూడా ఉంది. తిథి లేదు.

శ్రీ వికారి నామ సంవత్సర ఆషాఢ శుద్ధ పూర్ణిమ, మంగళవారం. షీటు లెక్కలో 2019 జులై 16.

తెల్లవారుతుండగా సువర్ణభూమిలో దిగాం. ఇది నా అతిశయోక్తి కాదు, ఆ విమానాశ్రయం పేరే సువర్ణభూమి. వీసా వరసలో తలా పదివేల బాట్లు ఉన్నట్టు చూపించాల్సి వచ్చింది. అప్పటి లెక్కలో ఇరవై రెండు వేల రూపాయలు. మా జీవితంలో అంత నగదును అంత భక్తిగా గుండెలకు హత్తుకున్నది ఆ గంటన్నరే. బయటికి వచ్చే దారిలో డ్యూటీ ఫ్రీ దుకాణం దీపాల వెలుగులో ధగధగలాడుతూ, సీసాల చేతులు చాచి పిలిచింది. తణుకు సౌమ్యుడు ఒక్క అడుగు అటు వేశాడు. గుంటూరు వీరుడు షీటు తెరిచి నవ్వాడు.

"ఇక్కడెందుకురా? బయట ఎటు చూసినా అదేగా, సగం ధరకి!"

పురాణాల్లో ఇలాంటి మాట అన్నవాళ్ళెవరూ బాగుపడలేదు.

ఇక నగర వర్ణన. ఈ విషయంలో మన కవులకు ఆ ఊరు పని మిగల్చలేదు. బ్యాంకాక్ అన్నది పరాయివాళ్ళు పిలిచే పేరు. థాయి ప్రజలకు అది క్రుంగ్ థేప్, దేవతల నగరం. పూర్తి పేరు థాయి లిపిలో 168 అక్షరాలు. ప్రపంచంలో ఏ ఊరికీ అంత పొడుగు పేరు లేదంటారు. అది పలుకుతుంటే తెలుగు చెవికి చుట్టాలు ఒక్కొక్కరే ఎదురొస్తారు: మహానఖోన్ అంటే మహానగరం, అమోన్ రత్తనకోసిన్‌లో అమరులూ రత్నాలూ, మహింతరా అయుత్థయాలో మహేంద్రుడూ అయోధ్యా, నొప్పరత్ రాచథానీ నవరత్న రాజధాని. చివర ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ కట్టాడని ముగింపు. మొదటి రాముడనే రాజు 1782లో రాజధానిగా నిలిపిన ఊరికి ఇంత సమాసం. రామరాజభూషణుడు చూసుంటే కాస్త కుళ్ళుకునేవాడు. టాక్సీ డ్రైవరు మాత్రం మీటరు వేయకుండా రెండు మాటల్లో చెప్పాడు, "ఫైవ్ హండ్రెడ్." వరంగల్లు యోధుడు నాలుగు వందలకు దించాడు. మీటరు వేస్తే ఎంతయ్యేదో ఎవరికీ తెలియదు గనక అది విజయమే.

మా విడిది ఖావోశాన్ రోడ్డు దగ్గర. నాలుగు వందల మీటర్ల వీధి, లోకంలోని వీపుసంచులన్నిటికీ మోక్షస్థానం. ఖావో శాన్ అంటే బియ్యం. ఒకప్పుడు అక్కడ బియ్యం వ్యాపారం నడిచేది. ఈ సంగతి చదివి తణుకు సౌమ్యుడు కాసేపు మాట్లాడలేదు.

"అంటే తణుకు నుంచి ఇంత దూరమొచ్చి బియ్యం బజార్లో దిగామాండీ మనం?"

అతనికి అంతకన్నా పెద్ద దెబ్బ గదిలో కాచుకుని ఉంది. అమ్మ పెట్టిన ఆవకాయ సీసా ఆకాశమార్గాన మూత వదులు చేసుకుంది. పెట్టె తెరవగానే కురుక్షేత్రంలో పద్దెనిమిదో రోజు సాయంత్రం కనిపించింది. తెల్లచొక్కాలు క్షతగాత్రులై పడి ఉన్నాయి. ఎర్రటి నూనె ఏరులై పారింది, టెంకలు తెగిపడ్డ శిరస్సుల్లా దొర్లాయి. గాయపడనిది ఒక్క లుంగీ. అది ఎందుకు బతికిందో సాయంత్రానికి తెలిసింది.

మధ్యాహ్నం రాజప్రాసాదం చూద్దామని బయల్దేరితే టుక్‌టుక్ సారథి ఒకడు అడ్డుపడ్డాడు. "టుడే క్లోజ్డ్. బిగ్ బుద్ధా డే" అన్నాడు. ఇరవై బాట్లకే ఊరంతా తిప్పుతానన్నాడు. మూడు చక్రాల రథం, వెన్నులో ఒక్కో పూసనూ పేరు పెట్టి పలకరించే రథం. అది ఆగిన ప్రతిచోటా ఒక దుకాణం ఉంది. మొదట రత్నాలు, తరువాత సూట్లు కుట్టేవాళ్ళు. బ్యాంకాక్‌లో ఇది పేరుమోసిన పాత ఎత్తు. ప్రాసాదం మూసి ఉండదు, మన బుర్ర మూసి ఉంటుంది. వరంగల్లు యోధుడు కోటు ధరను మూడో వంతుకు దించి, తీరా వద్దని లేచి వచ్చేశాడు. దర్జీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని ఇప్పటికీ చెబుతాడు.

కాని సారథి మాటలో ఒక ముక్క మేం పట్టించుకోలేదు. బిగ్ బుద్ధా డే.

సాయంత్రం ఏడు. షీటులో మొదటి గడి. అత్తరు పూసుకుని, ఆవకాయ మరక కనిపించకుండా చేతులు కట్టుకుని వీధిలోకి దిగాం. ఉండాల్సిన పాట లేదు. ఊగాల్సిన జనం నడుస్తున్నారు. బార్లలో కుర్చీలు బల్లలెక్కి తలకిందులుగా తపస్సు చేస్తున్నాయి. రెండు పర్యాయాలు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాం. వేయించిన తేళ్ళు అమ్మే బండి ఉంది, పాద మర్దనం ఉంది, మామిడిపండు ముక్కలతో జిగురన్నం ఉంది. అది తప్ప అన్నీ ఉన్నాయి.

"ఏందిరా బై, గీడ గూడ బందేనా?" అన్నాడు వరంగల్లు యోధుడు. గాంధీ జయంతి నాటి అనుభవం అతని గొంతులో పలికింది.

ఆఖరి ఆశగా సెవెన్ ఇలెవెన్ మీద దండెత్తాం. తలుపు తీయగానే గంట మోగింది, జయభేరి అనుకున్నాం. ఎదురుగా శీతల దుర్గం. గాజు గోడ వెనక సేనలన్నీ బారులు తీరి ఉన్నాయి: చాంగ్ అనే ఏనుగులు, సింఘా అనే సింహాలు, లియో అనే చిరుతలు. థాయి బీరు సీసాలకు ఈ మృగాలే బొమ్మలు. చెమటలు కక్కుతూ, చల్లగా, చేతికందే దూరంలో. గుంటూరు వీరుడు ఒక ఏనుగును పట్టి గల్లాబల్ల మీద నిలబెట్టాడు. బల్ల వెనక ఉన్న అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. భీష్ముడు కూడా అంత ప్రశాంతంగా అస్త్రం వేసి ఉండడు.

"నో బియర్. బుద్ధా డే."

"రేపు?"

"టుమారో ఆల్సో."

ఏనుగు తిరిగి మంచులోకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఫోన్లు తీసి చదువుకున్నాం. ఆషాఢ పున్నమి బుద్ధుడు సారనాథ్‌లో మొదటి ఉపదేశం చేసిన రోజు. మర్నాడు భిక్షువులు మూడు నెలల వర్షావాసం మొదలుపెట్టే రోజు, మన చాతుర్మాస్యానికి దగ్గరి చుట్టం. అప్పటి చట్టం ప్రకారం దేశమంతటా మద్యం అమ్మకూడని బౌద్ధ పర్వాలు ఏడాదికి అయిదు. అందులో రెండు పక్కపక్కన వచ్చేది ఆషాఢంలోనే. మూడు వందల అరవై అయిదు రోజుల్లో గురి చూసి ఆ రెండే రాత్రులు కొట్టాం. మత్స్యయంత్రం కొట్టిన అర్జునుడికి కూడా ఇంత గురి లేదు. ఇంకో ముక్క కూడా కనబడింది. నిషేధం నుంచి మినహాయింపు ఉన్న చోటు అంతర్జాతీయ విమానాశ్రయం. ఆ వాక్యం ఎవరూ పైకి చదవలేదు. నలుగురం గుంటూరు వీరుడి వైపు చూశాం, అతను కూడా తన వైపే చూసుకున్నాడు.

ఇంతలో తణుకు నుంచి ఫోను.

"ఈ రాత్రి చంద్రగ్రహణం నాన్నా, బయట తిరక్కండి. ఎనిమిది లోపల తినేయండి. తిరుమల్లో కూడా తలుపులు మూసేస్తున్నారంట."

తిరుమలలో గుడి మూశారు, బ్యాంకాక్‌లో బార్లు మూశారు. మూడు లోకాల్లో మాకు తెరిచి ఉన్న తలుపు ఒక్కటే. వీధి చివర, రోడ్డు దాటగానే ఒక బౌద్ధాలయం ఉంది. పేరు వాట్ చన సోంగ్‌క్రామ్. సోంగ్‌క్రామ్ అంటే మన సంగ్రామమే. యుద్ధం గెలిచిన గుడి అని అర్థం. ఓడిపోయి అందులోకి నడిచాం.

లోపల వందల మంది. ఆఫీసు దుస్తుల్లో ఆడవాళ్ళు, ఇస్కూలు పిల్లలు, ముసలివాళ్ళు. అందరి చేతుల్లో ఒక తామరమొగ్గ, మూడు అగరొత్తులు, ఒక కొవ్వొత్తి. గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు. వియన్ థియన్ అంటారు, కొవ్వొత్తితో తిరగడం. ముగ్గురం మోకాళ్ళు దాటిన ప్యాంట్లలో ఉన్నాం. తణుకు సౌమ్యుడు నిక్కరు మీద వచ్చాడు. గుమ్మం దగ్గర పెద్దావిడ అతని మోకాళ్ళ వంక ఒక్క చూపు చూసింది. అతను సంచిలోంచి లుంగీ తీసి చుట్టుకున్నాడు. ఆవకాయ యుద్ధంలో అజేయంగా నిలిచిన ఆ నీలిగళ్ళ వస్త్రాన్ని చూసి ఆవిడ తల ఊపి, తన దగ్గరున్న అదనపు కొవ్వొత్తి ఇచ్చింది.

మొదటి ప్రదక్షిణలో నాకు నవ్వొచ్చింది. రెండోదానిలో మైనం కరిగి వేళ్ళ మీద పడి నవ్వు పోయింది. మూడోదానిలో సన్నగా చినుకు మొదలైంది. ముందు నడుస్తున్న చిన్నపిల్ల తన కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డుపెట్టి, ఆరిపోయిన నా వత్తిని చూసి, అడక్కుండానే వెలిగించింది. వెనకనుంచి వరంగల్లు యోధుడు తామరమొగ్గ ఎంతకిచ్చారో కనుక్కుంటున్నాడు.

చంద్రోదయ వర్ణన ఆలస్యమైంది, క్షమించాలి. మబ్బులు తెల్లవారుజామున విడిచాయి. విడిది మేడ మీద, చేతుల్లో సెవెన్ ఇలెవెన్ వేడి శాండ్‌విచ్‌లతో కూర్చున్నాం. గ్రహణం పట్టి ఉండగా తినకూడదని తణుకు సౌమ్యుడు తనది పక్కన పెట్టాడు, తరువాత అది కూడా మేమే తిన్నాం. నాలుగున్నరకి చంద్రుడిలో సగానికి పైగా నల్లబడింది. ఏ పున్నమి మా గొంతులు ఎండబెట్టిందో ఆ పున్నమినే రాహువు గుటకలు గుటకలుగా తాగుతున్నాడు. ఆ రాత్రి బ్యాంకాక్‌లో మా కళ్ళెదుట తాగినవాడు అతనొక్కడే.

రెండో రోజు సంగతి క్లుప్తంగా చెబుతాను. పట్టాయాలో అంతా విదేశీయులే కదా, చట్టం ఉండదేమో అన్న గుంటూరు తర్కంతో ఎక్కమయి బస్టాండులో బస్సెక్కి అక్కడికి వెళ్ళాం. చట్టం ఉంది. అక్కడి బార్ల వీధి వాకింగ్ స్ట్రీట్‌లో నిజంగానే నడవడం తప్ప ఇంకేమీ లేదు. అయితే ఆ నిషేధం అర్ధరాత్రి పన్నెండుతో ముగుస్తుంది. ఆ ఘడియ కోసం పది గంటలకి పాద మర్దనానికి కూర్చున్నాం. "బారా గొట్టంగనే లేపుర్రి" అని వరంగల్లు యోధుడు హెచ్చరించి కళ్ళు మూశాడు. వాణ్ణి లేపాల్సిన ముగ్గురం అప్పటికే గురక పెడుతున్నాం. కుంభకర్ణుణ్ణి లేపడానికి ఏనుగులతో తొక్కించారు. మమ్మల్ని పన్నెండున్నరకి దుకాణం మూసే అమ్మాయి అరికాలి మీద తట్టి లేపింది. అప్పటికి విమానాశ్రయానికి పిలిచిన కారు బయట హారను కొడుతోంది.

సువర్ణభూమిలో పాస్‌పోర్టు తనిఖీ దాటగానే పెద్ద శిల్పం ఒకటి ఉంది. క్షీరసాగర మథనం. ఒక పక్క దేవతలు, ఒక పక్క రాక్షసులు వాసుకిని పట్టి లాగుతుంటారు, పైన విష్ణుమూర్తి. అమృతం కోసం అంత శ్రమ. నలుగురం ఫొటో దిగాం, రాక్షసుల వైపు.

దాని తరువాత డ్యూటీ ఫ్రీ. ఈసారి గుంటూరు వీరుడు నోరెత్తకుండా లోపలికి వెళ్ళి లీటరు సీసా ఒకటి కొన్నాడు. మా ముగ్గురి ముఖాలూ వికసించాయి. "మామగారికి" అన్నాడు.

దాన్ని శ్రావణమాసం పూర్తయ్యాకే తెరిచారట, ఆయన నిష్ఠాపరులు. మమ్మల్ని పిలవలేదు.