కప్పెక్కే ఉద్దేశం లేదు

"అన్నా, ఓపెనింగ్ ఎప్పుడు?"

ఇస్నాపూర్ వెల్డింగ్ షెడ్డులో నా డబ్బాకు గోడలు లేచినప్పటి నుంచీ ఇదే గోల. చక్రాల మీద కిటికీ ఉన్న పెట్టె కనిపిస్తే చాలు, మనవాళ్లకు పెనం గుర్తొస్తుంది. ఇది క్యాంపర్ బాబూ, కారుకు తగిలించుకుని ఊళ్లు తిరుగుతూ రాత్రిళ్లు ఇందులోనే పడుకుంటాం అంటే, ఓపిగ్గా విని, "మరి దోసె ఎంతకిస్తరు?" అంటారు. పాశమైలారంలో షిఫ్టు వదలగానే సలహా సంఘం దిగుతుంది. ఒకాయన కిటికీ కింద గట్టు పెట్టించమన్నాడు, చట్నీ గిన్నెలకు.

గోడలతో పేచీ రాలేదు. ఇంచు చదరం పైపుల్ని నేల మీద పరిచి, మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి, కొలతలు కలిశాకే అతికించాం. ప్లైవుడ్ షీటు 8 అడుగులకు 4 కాబట్టి రెండేసి అడుగులకో నిలువు పైపు. అంచు గాల్లో వేలాడదు.

కప్పు దగ్గరే తంటా. నడిమధ్య ఎత్తు పెట్టి రెండు పక్కలా వాటం ఇమ్మన్నాను. 8 బై 4 కప్పు మీద అరంగుళం నీళ్లు నిలిస్తే దాదాపు 38 కిలోలు మరి! మేస్త్రి ససేమిరా అన్నాడు. "వాటమిస్తే మీద నిలబడేదెట్ల సార్?"

ఎవరయ్యా నిలబడేది?

"ఎన్టీ రామారావు నిలబడలే?"

ఇక కథ 1982కు పోయింది. పాత షెవ్రొలె వ్యాను, స్టీరింగ్ దగ్గర హరికృష్ణ, కప్పు మీద పెద్దాయన, దారిపక్కనే స్నానం. మనకు తెలిసిన క్యాంపర్ ఆ చైతన్యరథం ఒక్కటే. దాని కప్పేమో వాన ఆపడానికి కాదు, ఉపన్యాసానికి! 1983 జనవరిలో ప్రభుత్వం మారింది, సంతోషం. ఆ పుణ్యానికి ఇన్నేళ్ల తర్వాత నా కప్పుకు రెండు అడ్డపైపులు ఎక్కువ పడ్డాయి. ఆ బరువు లాగేది నా ముసలి కారు. నేను కప్పెక్కి ఎవర్ని ఉద్ధరించాలి? నోరు తెరిస్తే కింద నుంచి "రెండు ప్లేట్లు ఇడ్లీ" అంటారు.

మొన్న వచ్చిన బీహార్ కుర్రాడు మాత్రం టిఫిన్ మాటెత్తలేదు. లోపలికి దూరి, జానలతో పొడవు కొలిచి, నలుగురు పడతారని తేల్చి, కిరాయి ఎంతన్నాడు. వాళ్ల గదిలో పగటి షిఫ్టువాళ్లు డ్యూటీకెళ్తే, రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకుంటారట. ఇది అద్దెకు కాదు, మేమిద్దరం పడుకోవడానికన్నాను.

"మీకు ఇల్లు లేదా సాబ్?" అన్నాడు జాలిగా.

ఉంది. రెండు బెడ్‌రూములు. ఒకదాన్నిండా ఈ డబ్బాకు తెచ్చిన ప్లైవుడ్డే.