కాలు నీది, ఆర్డరు మాది!

జూన్ 12. బడులు తెరిచారు. ఎండ మాత్రం సెలవు మీద వెళ్లలేదు. బెజవాడ తారు రోడ్డు మీద ఒట్టికాలు పెడితే బొబ్బే. ఈ కాలంలో పిల్లల పాదాలకు మన విద్యావ్యవస్థ ఏం తొడుగుతోంది? నల్ల షూ. పైన మెరిసేది తోలు కాదు, రెక్సిన్. కింద పీవీసీ సోలు. మధ్యలో నైలాన్ సాక్సు. గాలి లోపలికి పోదు, చెమట బయటికి రాదు. సాయంత్రం విప్పితే వేళ్ల సందుల్లో నాని పాలిపోయిన చర్మం, వీధి చివరిదాకా సువాసన. దీని పేరు డిసిప్లిన్ అట!

ఎవరడిగారండీ? పిల్లా? తల్లా? పోనీ, వాతావరణ శాఖా?

అసెంబ్లీలో పీఈటీ సారు వరసల మధ్య తిరుగుతూ చూసేది పిల్ల మొహం కాదు, పాలిష్. మెరిసిందా, పాస్. దుమ్ము పడిందా, వరసలోంచి బయటికి. మట్టి గ్రౌండులో నిలబెట్టి దుమ్మెందుకు పడిందని అడిగే తెలివి మన దగ్గరే దొరుకుతుంది. శనివారమైతే తెల్ల షూ. శుక్రవారం రాత్రి ఇంటింటా తెల్ల పాలిష్ మహోత్సవం. వానొస్తే ఫ్రిజ్ వెనక షూ ఆరబెట్టే కార్యక్రమం అదనం. ఇంతకీ అందరినీ తనిఖీ చేసే ప్రిన్సిపాల్ గారి కాళ్లకు ఏముంటుంది? చల్లటి ఏసీ గదిలో మెత్తటి శాండిల్సు. తప్పులేదు, పెద్దవారు, మడమల నొప్పులు. పిల్లలకు మడమలుండవు కదా!

ఇంకా వింతేమిటంటే, ఈ షూ పిల్లకి సరిపోవాలన్న రూలు ఎక్కడా లేదు. ‘ఒక నంబరు పెద్దది తీసుకోండి మేడం, పెరిగే కాళ్లు కదా’ అంటాడు షాపువాడు. ముందు భాగంలో దూది కుక్కుతాం. సగం ఏడాది షూ వదులు. ఆ తర్వాత బిగుతు. మధ్యలో ఏ రెండు వారాలో సరిపోతుంది. అవి దసరా సెలవులు.

పాదం సంగతి ఎవరూ ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. తేలిందేమిటి? మన పాదం యూరప్ వాళ్ల పాదం కన్నా వెడల్పు. మనం వాడే నంబర్లేమో ఇంగ్లండువి. అందుకే వెడల్పు చాలక పొడవు పెద్దది కొంటున్నాం, అది వదులై నడిస్తే టపటపలాడుతోంది. తెల్లవాడు 1947లో షూ తొడుక్కుని వెళ్లిపోయాడు, అచ్చు మాత్రం మనకొదిలేశాడు. భారతీయుల పాదాలకు ‘భ’ అనే కొత్త కొలత వస్తుందన్నారు. పేరు బాగుంది. మరి మీ పిల్ల షూ డబ్బా తిప్పి చూడండి. ‘భ’ కనబడిందా?

సర్కారు బడి సంగతి కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న విద్యా కానుక కిట్ మొదలెట్టారు. అందులో ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు. మంచిదే. బూటే ఎరగని పిల్లకి బూటు ఇవ్వడాన్ని వెక్కిరించేవాడు మనిషి కాదు. కానీ ప్రభుత్వం మారగానే ముందు మారింది ఏమిటి? కిట్ పేరు! జగనన్న పోయి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. బూటు లోపలి ఉక్కపోత మాత్రం ఏ పార్టీ వచ్చినా కదలదు.

ప్రైవేటు బడికి ఈ పేర్ల బాధ లేదు. అక్కడ బూటు కూడా సిలబస్సే. స్కూళ్లలో యూనిఫాం, బూట్లు అమ్మకూడదని అధికారులు ఆదేశాలిస్తారు, పేపర్లో వస్తుంది, అందరం చదివి సంతోషిస్తాం. మర్నాడు స్కూల్లో అడగండి. ‘మేం అమ్మడం లేదండీ, ఎదురు సందులో షాపుంది, అక్కడే కొనండి’ అంటారు. ఎందుకక్కడే? నల్ల రంగు వేరే షాపులో తెల్లగా ఉంటుందా? పన్ను సంగతీ ఇంతే. వెయ్యి రూపాయల లోపు చెప్పులు, బూట్ల మీద జీఎస్టీని 2022 జనవరి 1న 5 నుంచి 12 శాతానికి పెంచారు. 2025 సెప్టెంబర్ 22న మళ్లీ 5కి దించి పండగ చేసుకోమన్నారు. ఎదురు సందు షాపువాడు ఆ పండగ చేసుకున్నాడా?

అసలు హాస్యం ముందుంది. బడి ఉన్నన్నేళ్లూ షూ లేకపోతే గేటు బయట నిలబెట్టారా? పిల్ల పెరిగి నీట్ రాయడానికి వెళ్తుంది. జీవితాన్ని తేల్చే పరీక్ష. అక్కడి రూలేమిటి? షూ నిషిద్ధం! చెప్పులో, ఎత్తు తక్కువ మడమ ఉన్న శాండిల్సో వేసుకురావాలి. బిహార్ బోర్డు కూడా 2018లో మెట్రిక్ పరీక్షకు షూ, సాక్సు వద్దంది. బడిలో షూ లేకపోతే గేటు బయట, పరీక్షకు షూ ఉంటే గేటు బయట. మరి డిసిప్లిన్ ఏమైంది? చెప్పులేసుకున్న పిల్ల డాక్టరు సీటుకి పనికొస్తే, ఆరో తరగతి లెక్కలకి పనికిరాదా?

సౌకర్యం విలువ పెద్దలకు తెలియదనుకుంటే పొరపాటే. పాదయాత్రల రాష్ట్రాలండీ మనవి! 2003లో వై.ఎస్., 2012లో చంద్రబాబు, 2017లో జగన్, 2023లో ఇటు లోకేశ్, అటు భట్టి. జగన్ ఒక్కరే ఇచ్ఛాపురం దాకా 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు నడిచారు. ఎవరైనా రెక్సిన్ షూ, నైలాన్ సాక్సు వేసుకుని ఇచ్ఛాపురం చేరగలరా? ఓటు దగ్గరికి నడిచేటప్పుడు పాదం గుర్తొస్తుంది. కుర్చీలో కూర్చున్నాక పాదం బల్ల కిందికి పోతుంది.

మనమేమైనా తక్కువ తిన్నామా? నాన్న ఆఫీసుకి క్రాక్స్‌లో వెళ్తాడు, ‘వర్క్ కల్చర్ మారిందిరా’ అంటాడు. వేలు పోసి మెత్తటి స్నీకర్లు కొని, పెట్టెతో సహా ఫొటో పెడతాడు. పేరెంట్స్ మీటింగులో అదే స్నీకర్లతో కాలు మీద కాలేసుకుని ‘షూ విషయంలో కొంచెం స్ట్రిక్టుగా ఉండండి మేడం’ అంటాడు. ఆ మేడం పొద్దుట్నుంచీ నిలబడే ఉంది. కొన్ని బడుల్లో క్లాసులో టీచరుకు కుర్చీ ఉండదు. కూర్చుంటే పాఠం చెప్పరట!

వెనక పట్టీ ఉన్న శాండిల్ వేస్తే కాలు జారదు, గాలాడుతుంది, వానలో తడిస్తే ఇట్టే ఆరుతుంది. గుడ్డ షూ అయినా కొంత నయం. ఇది కనిపెట్టడానికి కమిటీ అక్కర్లేదు, ఒక వేసవి చాలు. కానీ శాండిల్ వేస్తే బ్రోషర్లో ఫొటో ‘ఇంటర్నేషనల్’గా రాదు. అదీ అసలు ఇబ్బంది.

సరే, ఒక చిన్న ఏర్పాటు చేద్దాం. వచ్చే జూన్ 12న చైర్మన్ గారూ, ప్రిన్సిపాల్ గారూ, విద్యాశాఖ పెద్దలూ పిల్లల షూనే తొడుక్కుని అసెంబ్లీకి రావాలి. నైలాన్ సాక్సుతో సహా. సాయంత్రం దాకా విప్పకూడదు. సైజు చెప్పండి సార్. ఒక నంబరు పెద్దదే తెప్పిస్తాం. ఏటా పెరుగుతున్నది మీరేగా!