గట్టులో గట్టు దొరకలేదు

ఫొటోకు కావలసింది వెలుతురు. వెలుతురు దండిగా ఉండేది మిట్టమధ్యాహ్నం. డ్రోన్ చేతికొచ్చిన కొత్తలో నా శాస్త్రజ్ఞానం ఇంతే. ఆ జ్ఞానంతోనే మే మొదటి వారంలో, గద్వాల దాటి, గట్టు మండలంలో ఒక రైతు చెలకను పైనుంచి ఫొటోలు తీసి కొలుద్దామని వెళ్లి నిలబడ్డాను.

"జర పొద్దు వాలినంక ఎగరెయ్యరాదు సారూ?" అన్నాడు ఆసామి. పాపం, నాకు ఎండదెబ్బ తగులుతుందని అంటున్నాడనుకున్నాను. టోపీ సర్దుకుని పన్నెండుంబావుకు ఎగరేశాను.

గట్టు ఉన్న ఈ నడిగడ్డ ప్రాంతం పదహారో అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడ మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 8 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. అదీ పన్నెండుకు కాదు, మే నెలలో పన్నెండుంబావుకు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనమేమో దానికి పడమట ఉన్నాం. ఏడాది మొత్తంలో అతి చెడ్డ ఘడియను నేనే ఏరికోరి పట్టుకున్నానన్నమాట! కెమెరా సూటిగా కిందికి చూస్తోంది, సూర్యుడు దాని వీపు మీదే ఉన్నాడు. ప్రతి ఫొటో నడుమ సున్నం చల్లినట్టు తెల్లమచ్చ. కుంటలో నీళ్లు తళుక్కుమని కెమెరా కళ్లు పొడిచాయి. మూరెడెత్తు గట్టు, నీడ లేకపోయేసరికి, ఎర్రనేలలో కలిసిపోయింది. గట్టు మండలంలో గట్టు కనబడలేదు.

బుద్ధొచ్చింది, అదీ వంకరగా. సంక్రాంతి ముందు వనపర్తిలో పొద్దున ఏడున్నరకే ఎగరేశాను. సూర్యుడు కనీసం ముప్పై డిగ్రీలు ఎక్కాలి, ఆగానా? వేపచెట్టు నీడ పక్క మడిని సగం మింగేసింది. పైగా పొగమంచు. బాలానగర్ జాతీయ దూర సంవేదన కేంద్రం విమానాల్లా ఎత్తున ఎగిరేవాటికి ఆ తెర ఇంకా మందం. గాలిలో నీలికాంతి ఎక్కువ చెదురుతుంది, ఫిల్ము రోజుల్లో పసుపు ఫిల్టరు పెట్టింది అందుకే.

అసలు మూర్ఖత్వం నాగర్‌కర్నూలులో. ఒకరోజు ఆకాశమంతా ఒకే మందాన మబ్బు. ఎండ లేదని మిర్చి బజ్జీలు తిని పడుకున్నాను. మర్నాడు తునకల మబ్బులు, మధ్యమధ్య ఎండ. సంబరంగా ఎగరేశాను. మబ్బునీడలు చేల మీద పరుగెత్తాయి. ఒకే చేను ఒక ఫొటోలో నలుపు, పక్కదాంట్లో తెలుపు. అన్నీ కలిపితే అతుకుల బొంత. మబ్బు కిందే ఎగిరే డ్రోన్‌కు నిండు మబ్బే నయం. గట్ల అంచులు కాస్త మెత్తబడతాయి గానీ, వెలుగు ఒక్కతీరున ఉంటుంది.

గట్టుకు మళ్లీ వెళ్లినప్పుడు ఆసామిని అడిగాను, ఆరోజు అలా ఎందుకన్నావని. "పొద్దు వాలితే గట్టు నీడ పెడ్తది గద సారూ, దూరంకెల్లి కూడ కనబడ్తది" అన్నాడు.

ఆ చెలకను చివరికి టేపు పట్టి కొలిచాం. రెండో కొస ఆయనే పట్టుకున్నాడు.