సైకిలోడా, నీ జాగ్రత్తలో నువ్వుండు!

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాడికి పైసా ఖర్చు లేకుండా దొరికేవి రెండు: ఒకటి హారన్ మోత, రెండోది సలహా. హారన్ వెనక నుంచి మాత్రమే వస్తుంది. సలహా నలువైపుల నుంచీ వస్తుంది. హెల్మెట్ పెట్టుకో. మెరిసే జాకెట్ తొడుక్కో. ముందో లైటు, వెనకో లైటు బిగించు. చెవిలో పాటలు పెట్టుకోకు. ఎడమ అంచు వదలకు. మెయిన్ రోడ్డు ఎక్కకు, సందుల్లోంచి పో. తొక్కాలనిపిస్తే తెల్లవారకముందే తొక్కు. ఇవన్నీ ఓపిగ్గా విన్నవాడికి ఆఖరున అసలు సలహా అందుతుంది: "అయినా ఈ ట్రాఫిక్‌లో సైకిలెందుకండీ?"

ఇంత హితబోధ ఏ ఎస్‌యూవీ యజమానికైనా జరిగిందా? "బాబూ, రెండు టన్నుల ఇనుమేసుకుని బయల్దేరుతున్నావు, కాస్త చూసుకుని పో" అని గుమ్మం దగ్గర ఏ తల్లయినా చెప్పిందా? చెప్పదు. ఆ ఇంట్లో భయమల్లా బండి మీద గీత పడుతుందేమోనని.

రోడ్డు అందరిదీ, పంచుకుందాం అని ఏటా జనవరిలో భద్రతా మాసోత్సవాల బ్యానర్లు కడతాం. పంపకం పెద్దమనుషుల సమక్షంలోనే జరిగింది. రోడ్డు ఒకరి వాటాకు వెళ్ళింది, జాగ్రత్త ఇంకొకరి వాటాకు వెళ్ళింది. పదిహేను కిలోల సైకిలు నూటికి నూరుపాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. పదిహేను వందల కిలోల కారుకు ఆ రోజు మూడ్ ఎలా ఉంటే అలా. మేకకు హెల్మెట్ పెట్టి పులిబోనులోకి తోలి, బయట మేకల భద్రతా వారోత్సవాలు జరపడం లాంటిది ఈ ఏర్పాటు. పులికి కరపత్రం ఇవ్వాలన్న ఆలోచన కమిటీలో ఎవరికీ రాలేదు.

హెల్మెట్ సంగతే తీసుకుందాం. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ తప్పనిసరి చేసిన 129వ సెక్షన్ మోటార్‌సైకిళ్ళకు సంబంధించింది. సైకిల్‌కు అది వర్తించదు. అయినా పెట్టుకుంటే మంచిదే. గుంతలో చక్రం పడి బోర్లా పడ్డప్పుడు తల దక్కుతుంది. కాని వెనక నుంచి టిప్పర్ వచ్చి కొట్టాక కూడా మన జనం మొదటి ప్రశ్న అదే: "హెల్మెట్ పెట్టుకున్నాడా?" టిప్పర్ ఎంత స్పీడు మీదుందని అడిగే నాథుడు ఉండడు. స్పీడు రెట్టింపయితే గుద్దే శక్తి నాలుగింతలవుతుందని తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం చెబుతుంది. ముప్ఫైలో వచ్చే బండికీ అరవైలో వచ్చే బండికీ తేడా అదీ. ఆ నాలుగింతల శక్తినీ థర్మోకోల్ లాంటి టోపీ ఆపాలట. ఆపకపోతే తప్పు టోపీది, లేదా అది పెట్టుకోనివాడిది. 2020లో స్టాక్‌హోంలో కూర్చున్న ప్రపంచ దేశాల మంత్రులు, జనమూ వాహనాలూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని తీర్మానించారు. మన దగ్గర కాలనీ రోడ్డులో ముప్ఫైలో వెళ్తే, బండి ట్రబులిచ్చిందా అని మెకానిక్ నంబరు ఇస్తారు.

ఇక ఎడమ అంచు. సైకిల్‌వాడి శాశ్వత చిరునామా అదేనని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఆ అంచున ఏముందో ఒకసారి వంగి చూడండి. రోడ్డు మధ్యలో తిరిగే టైర్లన్నీ పక్కకు ఊడ్చేసిన ఇసుక, కంకర, సీసా పెంకులు అక్కడే పోగుపడతాయి. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచారు గనక మ్యాన్‌హోల్ మూత జానెడు లోతున ఉంటుంది. వాననీటి జాలీ చువ్వలు బండి వెళ్ళే దిశలోనే నిలువుగా ఉంటే, సన్నటి సైకిల్ టైరు సరిగ్గా ఆ సందులో దిగుతుంది. దాన్ని దాటితే సవారీ కోసం ఆగిన ఆటో. ఆటోను దాటితే పానీపూరీ బండి, దాని చుట్టూ ప్లేట్లు పట్టుకున్న జనం. వాళ్ళనూ దాటితే యూటర్న్ దాకా వెళ్ళే ఓపిక లేక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు. దాని మీది కుర్రాడు సైకిల్‌ను చూసి చిరాకుపడతాడు: "చూస్కొని పో భయ్!" నిజమే, ఎదురుగా వస్తున్నవాడు కదా, అతనికి స్పష్టంగా కనబడుతుంది.

ఆ అంచున ఆగి ఉన్న కార్లు మరో ముచ్చట. లోపలి మనిషి ఫోన్‌లో మాట్లాడుతూ ధడేలున తలుపు తీస్తాడు. తలుపు తగిలి పడ్డవాడి మీదికి వెనక నుంచి బస్సు వస్తుంది. అందుకే అనుభవమున్నవాడు ఆగిన కారుకు కనీసం తలుపు పట్టేంత దూరం వదిలి తొక్కుతాడు. అలా రెండడుగులు కుడికి జరగ్గానే వెనక హారన్‌లు భజన మొదలెడతాయి: రోడ్డు నీ అబ్బ సొత్తా? ప్రాణం కాపాడుకునే చోటు అదేనని సైకిల్‌కు తెలుసు. బ్రేకు మీద కాలు వెయ్యాల్సి వచ్చినందుకు కారుకు మండుతుంది.

కూడలికి వద్దాం. మన ట్రాఫిక్ ఇంజనీరింగ్ మేధస్సంతా ఫ్రీ లెఫ్ట్‌లో ఉంది. రాత్రి పదింటికి స్టీలు క్యాను, కాగితం కప్పుల దొంతర క్యారియర్‌కు కట్టుకుని టీ అమ్మే మనిషిని చూడండి. అతను నేరుగా వెళ్ళాలి. బోధించినట్టే బుద్ధిగా ఎడమ అంచున ఉన్నాడు. సిగ్నల్ ఎర్రగా ఉంది కాబట్టి ఆగాడు. అదే అతను చేసిన నేరం. ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా ఆగాడు! వెనక నాలుగు బళ్ళు లైట్లు కొడుతున్నాయి. సరేనని కుడికి జరుగుదామంటే, ఎడమకు తిరిగే ప్రవాహాన్ని అడ్డంగా కోసుకుంటూ వెళ్ళాలి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చెయ్యి చాచి ఆగండయ్యా అని సైగ. ఆ చేతికి విలువ ఇవ్వాలా వద్దా అన్నది వెనకవాళ్ళ దయ. ఈలోగా పెద్ద బస్సు ఎడమకు తిరిగింది. పొడుగాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొస్తాయి. టీ క్యాను ఉన్నది సరిగ్గా ఆ లోపలే. ఎడమన ఉండమన్నదీ మనమే, ఎడమన ఎందుకున్నావన్నదీ మనమే.

కుడికి తిరగాలంటే అది పెద్ద సాహసయాత్ర. సిగ్నళ్ళు తీసేసి, కూడళ్ళు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. ట్రాఫిక్ సాఫీగా పారుతోందని సంబరపడ్డాం. కారుకు అర కిలోమీటరు అదనమంటే ఒక పాటలో సగం చరణం. సైకిల్‌కు మాత్రం అది ఎడమ అంచు నుంచి డివైడర్ దాకా మూడు లేన్లు అడ్డంగా దాటడం, తిరగడం, మళ్ళీ మూడు లేన్లు దాటి అంచుకు చేరడం. దిగి నడిపించుకుంటూ దాటవచ్చుగా అంటారు. ఎక్కడ దాటాలి? సిగ్నల్ తీసేసినప్పుడు కాలినడకన దాటేవాడి వంతూ దాంతోపాటే పోయింది.

చట్టం లేకనా ఇదంతా? మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు 2017లో కొత్తగా వచ్చాయి. నడిచేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల పట్ల బండి నడిపేవాడు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని వాటిలో స్పష్టంగా రాసుంది. అంటే జాగ్రత్త ఎవరి వాటా అన్నది చట్టం తేల్చేసింది. మనం ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాం, అంతే. బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ సవరించి, ఎవరి బండి ఎక్కువ హాని చేయగలదో వాళ్ళ మీదే ఎక్కువ బాధ్యత అని రాసుకున్నారు. 30 మైళ్ళ వేగం వరకు సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలమన్నారు. మనవాళ్ళు మీటరున్నర ఎడం చూస్తే అందులో ఇంకో ఆటో పడుతుందంటారు.

సైకిల్ కోసం మన నగరం ఏమీ చేయలేదంటే కళ్ళు పోతాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన ఎండా వానా తగలకుండా సోలార్ పలకల కప్పు, ఆ కప్పు మీద 16 మెగావాట్ల కరెంటు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక వరస, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో వరస. దక్షిణ కొరియాను చూసి కట్టారు, చక్కగా కట్టారు. చిక్కల్లా ఒకటే. బోరబండ నుంచి మాదాపూర్‌కు డ్యూటీకి వెళ్ళే వాచ్‌మన్ దారిలో అది లేదు. ఉప్పల్‌లో, చాంద్రాయణగుట్టలో ఉండేవాడు దాన్ని తొక్కాలంటే ముందు దాని దాకా తొక్కాలి. అంత దూరం తొక్కి బతికి చేరినవాడికి ఇక ట్రాక్‌తో పనేముంది? అందుకే ఆదివారం పొద్దున కార్ల వెనక క్యారియర్లకు కట్టించుకుని సైకిళ్ళు అక్కడికి విచ్చేస్తాయి. విశాఖ బీచ్ రోడ్డులోనూ పొద్దున్నే కాసేపు వాహనాలు ఆపేస్తారు. హాయిగా ఉంటుంది. పనికి వెళ్ళే వేళకు మళ్ళీ వదిలేస్తారు. ఆఫీసుకు పోయే సైకిల్ మన ప్రణాళికల్లో లేదు, పొట్ట కరిగించే సైకిలే ఉంది.

ఆ ప్రణాళికలో లేనివాళ్ళు ఎందరంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిల్ ఉంది. వ్యవసాయేతర పనులకు వెళ్ళేవాళ్ళలో నూటికి 13 మంది దాని మీదే వెళ్ళారు. పేపర్ వేసే పిల్లాడు, మేస్త్రీ, హోటల్లో గిన్నెలు కడిగే మనిషి, సెక్యూరిటీ గార్డు. వీళ్ళకు జాకెట్ కొనుక్కో, హెల్మెట్ కొనుక్కో, లైటు కొనుక్కో అని జాబితా ఇస్తాం. ఆ జాబితా ఖరీదు చూస్తే అతని సెకండ్‌హ్యాండ్ సైకిల్ కంటే ఎక్కువ.

"హాలండ్ వాళ్ళ కల్చర్ వేరండీ" అని ఒక మేధావి ప్రతి చర్చలోనూ నిట్టూరుస్తాడు. ఏమీ వేరు కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు, పసివాళ్ళ హత్యలు ఆపండంటూ వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభం కూడా తోడైంది. అప్పుడు కదిలింది ప్రభుత్వం. ఇవాళ అక్కడ చాలామంది హెల్మెట్ లేకుండానే తొక్కుతారు. వాళ్ళు తలను గట్టిపరచలేదు, రోడ్డును మెత్తపరిచారు.

మరి సైకిల్‌వాళ్ళందరూ బుద్ధిమంతులా? కాదు. రాత్రి లైటు లేకుండా నల్ల చొక్కాతో తిరిగేవాడు ఉన్నాడు. వెనక్కి చూడకుండా, చెయ్యి చూపకుండా కుడికి కోసేవాడు ఉన్నాడు. లారీ ఎడమ పక్క డ్రైవర్‌కు కనబడని చోట దూరి నిలబడేవాడూ ఉన్నాడు. వీటిని మానుకోవాల్సిందే. అన్నిటికంటే తమాషా మనిషి లక్ష రూపాయల సైకిల్, బిగుతు బట్టలతో పార్కు చుట్టూ నడకదారి ఎక్కేవాడు. రోడ్డు మీద కారు తనకు చేసిందంతా అక్కడ వాకింగ్‌కొచ్చిన ముసలాయనకు వడ్డీతో తీరుస్తాడు. చెవి పక్కన గంట కొట్టి, మోచేతికి రాసుకుంటూ దూసుకుపోయి, "సైడ్ ప్లీజ్ అంకుల్!" అంటాడు. ఫుట్‌పాత్ మీద నడిచేవాడికి మనమే లారీ. అక్కడ నెమ్మదించాల్సింది మనం, దిగి నడవాల్సింది మనం. పెద్ద బండి మీద చెల్లే సూత్రం మన మీద చెల్లదంటే ఇక మనకు నోరెక్కడిది?

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. అప్పటినుంచి మన దగ్గర ఆ రోజు రివాజుగా జరిగేది చూస్తూనే ఉన్నాం. ఉదయం ఆరింటికి ట్రాఫిక్ ఆపేస్తారు. ముందు పైలట్ జీపు, వెనక అంబులెన్సు, మధ్యలో తెల్ల టీషర్టు వేసుకున్న ప్రముఖులు. కిలోమీటరు తొక్కి, ఫొటో దిగి, మైకు పట్టుకుని సైకిల్ ఎంత సురక్షితమో చెబుతారు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం లేదు. మిగతా బళ్ళన్నీ ఆపేస్తే సైకిల్ నిజంగానే సురక్షితం. ప్రసంగం అయ్యాక సైకిళ్ళు డీసీఎం వ్యాన్ ఎక్కుతాయి, ప్రముఖులు ఇన్నోవాలు ఎక్కుతారు.

వచ్చే జూన్‌కు ఒక విన్నపం. ర్యాలీ వద్దు, టీషర్టులు వద్దు. ఏదైనా ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు, పైలట్ జీపు లేకుండా, అదే ప్రముఖులు తమ ఇంటి నుంచి తమ ఆఫీసుకు సైకిల్ మీద వెళ్ళాలి. ఒక ఫ్రీ లెఫ్ట్ దాటాలి, ఒక యూటర్న్ తీసుకోవాలి. కాలనీల్లో ముప్ఫై వేగం, కూడళ్ళలో ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డుకట్ట, జాలీకి అడ్డ చువ్వలు, నడిచేవాళ్ళు దాటే సిగ్నల్: ఏళ్ళ తరబడి ఫైళ్ళలో నానేవన్నీ మంగళవారానికల్లా మంజూరవుతాయి. ఆ సోమవారం వెనక నుంచి ఎవరైనా హారన్ కొడితే కొట్టనివ్వండి. సంతకం త్వరగా పడుతుంది.